అర లీటరు దగ్గర గోలీ

"పసివాడి ఊపిరికి చీటీలు తీయిస్తావా? నువ్వసలు తండ్రివేనా?"

పిల్లల వార్డు బయటి వరండాలో మేస్త్రి గొంతు ఎంత పైకి లేచిందంటే, మందుల ట్రేతో పోతున్న సిస్టర్ ఆగి, పెదాల మీద వేలు పెట్టి చూపించి మరీ వెళ్లింది. మేస్త్రి ఆ వేలిని లెక్కచేయలేదు. నలభై ఏళ్లుగా గ్యాస్ వెల్డింగు షెడ్డులో ఇనుప రేకుల చప్పుడును మించి మాట్లాడిన మనిషి. మెల్లగా మాట్లాడడం అతనికి చేతకాదు.

అల్లుడు గోడకు ఆనుకుని, చేతిలోని కాగితాలను నాలుగు మడతలు పెట్టాడు. మళ్లీ విప్పాడు.

"చీటీలు కాదు మావయ్యా. కవర్లు. సీలు వేసిన కవర్లు."

"ఓహో, సీలు కూడానా! ఇంకేం, అయితే జబ్బు భయపడి పారిపోతుంది."

"కాస్త వినండి. ఈ జబ్బుకి ఇదీ మందు అని ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారట. ఒక డాక్టరు పొగ పెట్టిస్తాడు. ఒకాయన ఇంజక్షన్ అంటాడు. ఇంకొకాయన రెండూ వద్దంటాడు. ఏది మేలో తెలియాలంటే పక్కపక్కన పెట్టి చూడాలి కదా. అందుకని సగంమంది పిల్లలకి ఉప్పునీళ్ల పొగ పెడతారు, సగంమందికి పెట్టరు. ముక్కు శుభ్రం చేయడం, ఆక్సిజన్, గొట్టంతో పాలు, ఇవి మాత్రం అందరికీ ఒకటే."

"మనవాడికి ఏ కవరొచ్చింది?"

అల్లుడు కాగితాలను మళ్లీ మడతపెట్టాడు. ఏ కవరొచ్చిందో నిన్నటి నుంచి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసిన మాటనే మళ్లీ వాడి నోట చెప్పించాలని మేస్త్రి పట్టుదల.

"చెప్పవయ్యా. గట్టిగా చెప్పు. లోపల మీ ఆవిడకి కూడా వినపడాలి."

"పొగ లేని కవరు."

"అదీ!"

అల్లుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ఆరు పేజీలూ చుక్క వదలకుండా చదివి, మూడో పేజీలో ఒక అచ్చుతప్పు కనిపిస్తే పెన్నుతో సరిదిద్ది, ఆ తర్వాతే సంతకం పెట్టాడట. ఆ ముచ్చట తనే చెప్పుకున్నాడు కూడా. అప్పటినుంచి అతన్ని చూస్తే చాలు, మేస్త్రికి ఒళ్లు మండుతోంది.

"అక్షరం వంకరపోతే కనిపెడతావు. పిల్లాడి డొక్కలు లోపలికి పోతుంటే కనిపించవా నీకు?"

"వాడు నా కొడుకు మావయ్యా. నాకు కనిపించవా?"

"నాకు మనవడు కాదా మరి? నన్నొక్క మాట అడిగితే నీ పెన్ను అరిగిపోయేదా?"

వార్డు తలుపు తెరుచుకుంది. మేస్త్రి కూతురు బయటికి వచ్చింది. రెండు రోజులుగా దువ్వెన తగలని జుట్టు, మాసిన చీర, చేతిలో మూత ఉన్న స్టీలు గ్లాసు. మూడో నెల పిల్లాడు చనుబాలు తాగలేనంతగా రొప్పుతుంటే, పాలు పిండి ముక్కుగొట్టంలో పోయిస్తోంది.

"అరుపులయ్యాయా?" అంది. "నాన్నా, నేను పాలు పిండుకుని వస్తా. నువ్వెళ్లి వాడి దగ్గర కూర్చో."

"నేను కూర్చుంటాను," అన్నాడు అల్లుడు.

ఆమె అటు చూడలేదు.

"నాన్నా, నువ్వే కూర్చో," అంది మళ్లీ, ముందు చెప్పినప్పటి గొంతుతోనే.

అల్లుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేస్త్రి చెప్పులు విడుస్తూ ఆ ముఖాన్ని తృప్తిగా చూశాడు. నాకు సొంత మనిషన్నవాళ్లు ఇంకా ఒకరున్నారు అనుకున్నాడు.

*

వార్డులో మంచానికి ఒక్క మనిషినే ఉండనిస్తారు. కూర్చోడానికి ఒక ఇనుప స్టూలు. దాని అతుకు ఎవడు వేశాడో గానీ, గుడ్డివాడైనా అంతకంటే శుభ్రంగా వేసేవాడు. మేస్త్రి ఆ స్టూలు మీద కూర్చున్న ప్రతిసారీ ముందు ఆ అతుకును తిట్టుకుంటాడు.

పిల్లాడు తల వైపు ఎత్తు పెట్టిన చిన్న మంచం మీద పడుకుని ఉన్నాడు. ముక్కులో రెండు సన్నని ఆక్సిజన్ గొట్టాలు, వాటి పక్కన పాలగొట్టం, కాలి బొటనవేలికి ఎర్రలైటు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. అక్కకు వచ్చిన జలుబే వీడికీ వచ్చింది. నాలుగేళ్ల ఆ పిల్ల రెండు తుమ్ములు తుమ్మి లేచి ఆడుకుంటూ ఇంటి దగ్గర అమ్మమ్మ ప్రాణం తీస్తోంది. వీడికేమో ఊపిరితిత్తుల్లోని సన్నని దారులన్నీ వాచి మూసుకుపోయాయి. బ్రాంకియోలైటిస్ అన్నారు. మేస్త్రికి ఆ పేరు నోరు తిరగదు. తిరగని పేరున్న జబ్బు మీద అతనికి మరింత కోపం.

"ఏరా చిన్నమేస్త్రీ, ఏంట్రా ఈ ఆయాసం? షెడ్డులో పని నువ్వు చేశావా, నేను చేశానా?"

పిల్లాడు కళ్లు తెరిచి మూలిగాడు. ఏడవడానికి నోరు తెరిచి, దగ్గొచ్చి ఆగిపోయాడు.

పక్క మంచం మీద పిల్లాడికి పొగ పెడుతున్నారు. బుడబుడమని మిషను చప్పుడు. మూతి దగ్గర పెట్టిన మాస్కులోంచి తెల్లటి పొగ. ఆ పిల్లాడి నాయనమ్మ వాడిని ఒళ్లో అదిమిపట్టుకుని కూర్చుంది.

"మీవాడికి పెట్టరా అన్నయ్యా?"

"పెట్టరు. మా అల్లుడిగారి పుణ్యం."

"పెట్టినా మాకేం పెద్ద తేడా కనిపించలేదులే. పెట్టినంతసేపూ గుక్కపట్టి ఏడుస్తాడు. అయ్యాక సోలిపోయి పడుకుంటాడు. మందు పనిచేసి పడుకున్నాడో, ఏడ్చి ఏడ్చి పడుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి."

"ఏదో ఒకటి చేస్తున్నారు కదమ్మా. చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోలేదుగా."

ఆమె మాస్కు సరిచేసింది. పిల్లాడి వీపు రాస్తూ ఉండిపోయింది.

పన్నెండింటికి సిస్టర్ ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. వేలి లైటు తగిలించిన మిషను మీద, నెత్తుట్లో ఆక్సిజన్ ఎంత శాతముందో చెప్పే అంకె చూసింది, గోడకున్న ఆక్సిజన్ మీటరు చూసింది, కాగితంలో రాసింది.

"తొంభై రెండు. దానికి తగ్గకుండా ఉంటే చాలు తాతా. ఏమన్నా తేడాగా అనిపిస్తే పిలవండి. ఆ మీటరు మాత్రం ముట్టుకోకండి."

తొంభై రెండు! పక్క మంచం మీద తొంభై అయిదు ఉంది. మేస్త్రి మెడ సాచి అది కూడా చూశాడు. ఆస్పత్రిలో మనిషికి ఇంకేం పని ఉంటుంది?

సిస్టర్ వెళ్లాక అతని చూపు మీటరు మీద పడింది. నిలువుగా ఒక గాజు గొట్టం. లోపల చిన్న గోలీ. గాలి ఎంత పోతే గోలీ అంత పైకి లేస్తుంది. ఇప్పుడు అర లీటరు గీత దగ్గర వణుకుతూ నిలబడింది. పైన ఇంకా బోలెడు గీతలు ఖాళీగా ఉన్నాయి.

ఆక్సిజన్‌తో మేస్త్రికి ఉన్న చుట్టరికం ఆ ఆస్పత్రిలో ఏ డాక్టరుకూ లేదు. పదమూడో ఏట బడి మానేసి సిలిండర్ దొర్లించడం మొదలుపెట్టాడు. రెగ్యులేటరు చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, ఎంత పోతోందో ముల్లు చూడకుండా చెప్పేస్తాడు. మంట నీరసపడితే వాల్వు విప్పాలి. దానికి ఆరు పేజీల కాగితం అక్కర్లేదు. సీలు వేసిన కవరు అంతకన్నా అక్కర్లేదు.

ఇక్కడ గోడ నిండా గాలి పెట్టుకుని, పసివాడికి పిసినారి ధర్మం చేసినట్టు అర లీటరు!

అటూ ఇటూ చూశాడు. నాయనమ్మ కునుకుతోంది. చెయ్యి చాపి మీటరు మరను మెల్లగా తిప్పాడు. గోలీ లేచింది. ఒకటి దాటింది. రెండు దగ్గర ఆగింది.

మిషను మీద అంకె కదలడం మొదలైంది. తొంభై మూడు. తొంభై అయిదు. తొంభై ఎనిమిది.

మేస్త్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు రోజులుగా ఇంతమంది చదువుకున్నవాళ్లు చేయలేనిది రెండు వేళ్లతో అయిపోయింది.

ట్రాలీ చక్రం ఒకటి కిర్రుమంటుంది. ఆ చప్పుడు వార్డు ఆ చివరన ఉండగానే వినిపిస్తుంది. ఒంటిగంటకు అది వినగానే మేస్త్రి గోలీని అర లీటరుకు దించేశాడు. చూస్తే అరుస్తారు, బయటికి గెంటుతారు, అప్పుడు పిల్లాడి దగ్గర ఎవరుంటారు అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సిస్టర్ వచ్చేసరికి గోలీ దిగింది గానీ అంకె ఇంకా దిగలేదు. ఆమె రెండూ చూసి రాసుకుంది.

"అబ్బో, తొంభై ఎనిమిది! తాత కూర్చున్న వేళ బాగుందే."

"మా చేతి మహిమమ్మా అది," అన్నాడు మేస్త్రి, మీసం సవరించుకుంటూ.

ఆమె వెళ్లగానే మళ్లీ రెండు లీటర్లకు పెంచాడు. రెండింటికీ అంతే. మూడింటికీ అంతే.

మూడింటి ట్రాలీతోపాటే కూతురు పాలు తెచ్చింది. సిస్టర్ వాటిని గొట్టంలో పోసింది. కూతురి కళ్లు మిషను మీద నిలిచిపోయాయి.

"నాన్నా, అంకె పెరిగింది!"

"పెరగదా మరి? నువ్వెళ్లి తల్లుల గదిలో కాస్త నడుం వాల్చు. నేనున్నాగా."

"ఏడుపు కూడా మానేశాడు."

"హాయిగా పడుకున్నాడు. పడుకోనీ."

నిజమే. మధ్యాహ్నం రెండు దాటాక పిల్లాడు ఏడవలేదు, మూలగలేదు. తల మాత్రం ఊపిరి ఊపిరికీ చిన్నగా ఊగుతోంది. నిద్రలో పాలు తాగుతున్నట్టు కలగంటున్నాడేమో అనుకున్నాడు మేస్త్రి.

*

నాలుగింటికి డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చింది. ఆ వేళకు పిల్లల తండ్రులను కూడా లోపలికి రానిస్తారు. అల్లుడు వచ్చి మంచం కాళ్ల వైపు నిలబడ్డాడు. కూతురు తల వైపు నిలబడింది. ఇద్దరి మధ్యా మంచం నిడివి దూరం. మేస్త్రి అప్పటికే గోలీని అర లీటరుకు దించి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఇరవైమంది పిల్లలను చూసి వచ్చిన డాక్టరమ్మ కళ్ల కింద నల్లగా ఉంది. స్టెతస్కోపు పెట్టి విన్నది. కాగితం తిరగేసింది.

"ఛాతీలో చప్పుడు ఉంది. ఇంకో వారం ఉంటుంది. కానీ మూడు గంటలుగా అర లీటరు మీదే తొంభై ఎనిమిది నిలబడుతున్నాడు. చాలా బాగుంది. సిస్టర్, పాలగొట్టం తీసేయండి. అమ్మా, ఇక నువ్వే పట్టి చూడు. తాగితే సాయంత్రం నుంచి ఆక్సిజన్ కూడా తగ్గించుకుంటూ వద్దాం."

"పొగ లేకుండానే తగ్గుతోందా డాక్టర్?" అడిగాడు అల్లుడు.

"తగ్గుతున్నట్టే ఉంది. చాలామంది పిల్లలకి అలాగే తగ్గుతుంది. అందుకే కదా ఈ పోలిక పెట్టుకున్నది, లేనిపోనివి చేస్తున్నామేమో తెలుసుకోవాలని."

ఆమె పక్క మంచం దగ్గరికి జరిగింది. సిస్టర్ ప్లాస్టరు ఊడదీసి పాలగొట్టం లాగేసింది.

అప్పుడు మేస్త్రి కూతురు, రెండు రోజుల తర్వాత, మొగుడి ముఖంలోకి చూసింది.

"మిమ్మల్ని మనసులో చాలా మాటలన్నాను."

"ఏమీ అనలేదు. అంటే బాగుండేది."

"మీరు చెప్పిందే నిజమైందండీ."

అల్లుడు మంచం చుట్టూ తిరిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్ని రోజులైందో మేస్త్రికి గుర్తులేదు.

అతను వాళ్లని చూడడం మానేసి అంకెను చూశాడు.

తొంభై ఆరు.

కూతురు స్టూలు మీద కూర్చుని పిల్లాడిని ఒళ్లోకి తీసుకుంది. కొంగు సర్దుకుంటోంది.

తొంభై నాలుగు.

పిల్లాడి తల ఆమె మోచేతి మీద ఊగుతోంది. పెదాల చుట్టూ ఏదో బూడిదరంగు. ముక్కుపుటాలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. రొప్పుతున్నవాడి నోట్లో పాలు పడితే ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ఆ మాట మొన్న చేర్చుకున్నప్పుడే సిస్టర్ చెప్పింది, గొట్టం ఎందుకని మేస్త్రి పోట్లాడినప్పుడు.

తొంభై రెండు.

ఇప్పుడు నోరు విప్పితే అల్లుడి ముందు తల ఎక్కడ పెట్టుకోవాలి? పొద్దున్నుంచి వాడిని అన్న మాటలన్నీ వరసగా చెవిలో మోగాయి. పైగా ఆ నవ్వు. దాన్ని తన చేత్తోనే తుడిచేయాలి. ఒక్క నిమిషం ఆగితే అంకె దానంతటదే పెరుగుతుందేమో. నిజంగానే నయమైందేమో.

తొంభై.

"పట్టకే తల్లీ!"

వార్డంతా ఇటు తిరిగింది. కూతురు ఉలిక్కిపడి పిల్లాడిని రొమ్ముకు దూరంగా పట్టుకుంది.

"ఏమైంది నాన్నా?"

"ఆ అంకె వాడిది కాదు. నాది." మేస్త్రి మీటరు వైపు వేలు చూపించాడు. "నేను పెంచాను. గాలి. సిస్టరమ్మ వచ్చినప్పుడల్లా దించేసేవాణ్ణి."

మిషను కూత మొదలుపెట్టింది. డాక్టరమ్మ రెండంగల్లో వచ్చి పిల్లాడిని మంచం మీద పడుకోబెట్టింది. బట్ట పూర్తిగా విప్పి ఛాతీ చూసింది. కాసేపటి క్రితం చూడనే లేదన్నట్టు చూసింది.

"ఏడుపు ఎప్పుడు మానేశాడు?"

"రెండింటికి. హాయిగా పడుకున్నాడనుకున్నా."

"ఇది నిద్ర కాదు. అలసిపోయాడు." ఆమె అరవలేదు. "ఆక్సిజన్ పెంచితే అంకె బాగుంటుందయ్యా. లోపల వాడు పడే కష్టం తగ్గదు. ఆ అంకె పడితేనే మాకు తెలిసేది వాడికి ఎంత కష్టంగా ఉందో. ఆ ఒక్క గుర్తునీ మీరు దాచేశారు."

సిస్టర్ ముఖం ఏడుపుకు సిద్ధంగా ఉంది. డాక్టరమ్మ కాగితంలో మూడు వరసలు అడ్డంగా కొట్టేసింది.

"ఇది ఆ పోలిక కాగితాల్లో కూడా రాయాలి. రాయకపోతే, పొగ లేకుండానే బాగున్నాడని రేపు ఎవరో చదివి నమ్ముతారు. వెనక వచ్చే పిల్లలకి తప్పు చెప్పినట్టవుతుంది." పెన్ను ఆపి తలెత్తింది. "ఎంతకి పెంచారు?"

అందరూ అతన్నే చూస్తున్నారు. కూతురు చూస్తోంది. పక్క మంచం నాయనమ్మ చూస్తోంది. అల్లుడు ఒక్క మాట అనలేదు. అని ఉంటే మేస్త్రికి సులువయ్యేది. తిరిగి ఒకటి అనేవాడు. ఆ మౌనంలో అతని నాలుక దానంతటదే జారింది.

"లీటరు. ఒక్క లీటరు."

"రెండు కాదుగా?"

"ఎందుకమ్మా అబద్ధం? లీటరే."

ఆమె ఒకటి అని రాసుకుంది.

"సరే. లీటరుతో నిలబడ్డాడంటే ముందు దాంతోనే చూద్దాం, రెండైతే పెద్ద మిషను పెట్టేదాన్ని. అద్దాల గదిలోకి మార్చండి. గొట్టం మళ్లీ వేయండి. నోటి నుంచి ఏమీ వద్దు. అక్కడున్న ఆ గాలి తోసే పెద్ద మిషను కిందికి పంపండి. ఎమర్జెన్సీలో రెండు నెలల పాప నీలంగా మారిందంటున్నారు. ఉన్నది ఒక్కటే, ముందు ఆ పాపకి."

మంచం కదిలింది. కూతురు దాని వెంట నడుస్తూ ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది.

"నాన్నా, నువ్వు బయట ఉండు."

*

వరండాలో బెంచీ ఉంది. ఆస్పత్రి బెంచీలు మనుషులు కూర్చోడానికి చేయరు, కూర్చున్నవాళ్లు తొందరగా లేచిపోవడానికి చేస్తారు. మేస్త్రి కూర్చోలేదు. అద్దాల గది తలుపు ఎదురుగా నిలబడ్డాడు.

లోపల అల్లుడు పిల్లాడి కాలు పట్టుకుని నిలబడ్డాడు. కూతురు తల అతని భుజానికి ఆని ఉంది. డాక్టరమ్మ గోడ మీటరు తిప్పుతోంది. గోలీ లేచి ఒకటి దగ్గర ఆగడం మేస్త్రికి బయటి నుంచే కనిపించింది. మిషను మీద అంకె మాత్రం తలుపు కమ్మి అడ్డమై కనిపించలేదు.

ఒకటి చాలుతుందా? ఒకటి దగ్గర అంకె ఎంత ఉంటుందో అతనికి తెలియదు. తను అక్కడ ఆపలేదు.

తలుపు తెరుచుకుంది. వార్డుమనిషి పెద్ద మిషనును తోసుకుంటూ బయటికి వచ్చాడు. ఇనుప కడ్డీకి బిగించిన తెల్లటి పెట్టె, లావాటి గొట్టం, నీళ్ల డబ్బా. లిఫ్టు వైపు తిప్పాడు.

మేస్త్రి చెయ్యి వెళ్లి కడ్డీని పట్టుకుంది.

"వదలండి పెద్దాయనా. కింద పాప ఎదురుచూస్తోంది."

కింద కూడా ఎవరో తాత నిలబడి ఉంటాడు. వాడినీ ఎవరో తల్లి "నాన్నా" అంటూ ఉంటుంది. మేస్త్రి పట్టు బిగించాడు.

"వదలండంటే! ప్రాణం మీదికొచ్చిన పని ఇది."

"డాక్టరమ్మని పిలువు."

"ఎందుకు?"

"పిలువయ్యా!"

ఆ గొంతుకు అద్దాల గదిలో తలలు తిరిగాయి. డాక్టరమ్మ, కూతురు, అల్లుడు, ముగ్గురూ అతని వైపు చూశారు. మేస్త్రి కడ్డీ వదలకుండా, షెడ్డులో అరిచినట్టు అరిచాడు.

"లీటరు కాదు. రెండు! రెండు లీటర్లు!"

లోపల డాక్టరమ్మ చెయ్యి మీటరు మీదే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుని, కింది నుంచి వచ్చిన సిస్టర్ "మిషను ఏదీ, ఇంకా తేలేదేం?" అని కేక పెట్టింది.

వార్డుమనిషి అటు చూశాడు. ఇటు చూశాడు. ఎటు తొయ్యాలో తెలియక, చక్రాల మీద ఉన్న మిషనును రెండు తలుపుల మధ్య పట్టుకుని నిలబడ్డాడు.